క్యాలిపర్ కొనే ముందు పిస్టన్ మీద గోరు పెట్టి చూడండి

డిసెంబర్‌లో అరకు నుంచి కిందికి దిగుతున్నాం. అనంతగిరి దాటి కొంత దూరం వచ్చాక వెనక సీట్లో ఉన్న అమ్మ "ఏదో కాలిన వాసన వస్తోందిరా" అంది. ముందు వెళ్తున్న లారీదేమో అనుకున్నాను, ఘాట్‌లో లారీల బ్రేకు వాసన మామూలే కదా. రెండు మలుపులు తిరిగాక లారీ పక్కకి తప్పుకుంది, వాసన మాత్రం అలాగే ఉంది. స్టీరింగ్ కొద్దిగా ఎడమకి లాగుతోందని అప్పుడు గమనించాను. బ్రేకు తొక్కితే పెడల్ మామూలు కంటే కాస్త ఎక్కువ లోపలికి దిగింది, మెత్తగా. ఆ మెత్తదనం కాలికి తెలియగానే ఒళ్లు చల్లబడింది. బండి రెండో గేర్లో ఉంది కాబట్టి ఇంజిన్ పట్టు మీదే మెల్లగా తెచ్చి, రోడ్డు కొంచెం వెడల్పుగా ఉన్న చోట కొండ వైపుకి ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టాం.

ఎడమ ముందు చక్రం దగ్గర సన్నగా పొగ వస్తోంది. అరచేతిని చక్రానికి జానెడు దూరంలో పెట్టినా సెగ తగులుతోంది, కుడి వైపు చక్రం మాత్రం గోరువెచ్చగా ఉందంతే. మా బావమరిది వాటర్ బాటిల్ మూత తీసి పోయబోతుంటే వెనక వచ్చి ఆగిన టూరిస్ట్ బస్సు డ్రైవర్ గట్టిగా అరిచాడు, "నీళ్లు పొయ్యకండి బాబూ, డిస్క్ బీటలు వారిపోద్ది" అని. ఆయనకి ఎన్నిసార్లు థ్యాంక్స్ చెప్పానో లెక్కలేదు. డిస్క్ అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, బ్రేకు ప్యాడ్లు నొక్కి పట్టుకునేది దాన్నే. ఎర్రగా కాగిన ఇనుము మీద చన్నీళ్లు పోస్తే డిస్క్ వంకర పోవచ్చు, పగలొచ్చు కూడా. దానంతట అదే చల్లారే దాకా గంట పైన అక్కడే కూర్చున్నాం. తర్వాత ఇంట్లోవాళ్లని వేరే కారులో పంపేసి, బండిని రికవరీ వ్యాన్ మీద ఎక్కించి గాజువాక ఆటోనగర్‌కి తీసుకెళ్లాను. మా బావ వాళ్ల ఇల్లు అక్కడికి దగ్గర, ఆయనకి బాగా నమ్మకమైన మెకానిక్ ఒకాయన ఉన్నాడు.

ఇది రాయడానికి కారణం ఉంది. మా భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు చేసేవాళ్లలో ఎక్కువ మంది దగ్గర బొలెరోలో, స్కార్పియోలో, పికప్ బళ్లో ఉంటాయి. రోజూ చెరువు గట్ల మీద తిరుగుతాయి. వనామీ రకం రొయ్యల చెరువు నీళ్లు ఉప్పగా ఉంటాయి, తడిసిన వలలు, ఏరేటర్ సామాన్లు, మేత బస్తాలు అన్నీ ఆ బండిలోనే. గట్టు మీద బురద చక్రం లోపలికి ఎగిరి, బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ మీద పేరుకుంటుంది, ఎండి అట్టకడుతుంది, మళ్లీ తడుస్తుంది. ఇంజిన్ ఆయిల్ టైముకి మారుస్తాం, టైర్లు చూస్తాం, ఏసీ గ్యాస్ కూడా చూపిస్తాం. క్యాలిపర్ అనే పేరు మాత్రం అది పట్టేసిన రోజునే మన నోట్లోకి వస్తుంది. నాదీ అంతే, 2015 మోడల్ స్కార్పియో.

పైగా అరకు వెళ్లడానికి నెల ముందే నేను ముందు బ్రేక్ ప్యాడ్లు మార్పించాను. అందుకే బ్రేకుల గురించి టెన్షన్ లేకుండా ఘాట్ ఎక్కాను. ఆ ప్యాడ్లు మార్చిన తీరే అసలు గొడవకి మూలమని గాజువాకలో తెలిసింది.

ఆ మెకానిక్ పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. నేను "క్యాలిపర్ పోయినట్టుంది, కొత్తది తెప్పించమంటారా?" అని అడిగితే, "ఆగు బాబూ, ఏటి పోయిందో సూద్దుం ముందు" అన్నాడు. జాకీ వేసి చక్రం ఎత్తి చేత్తో తిప్పబోయాడు, కదల్లేదు. అప్పుడు క్యాలిపర్ మీద గాలీ ఆయిలూ బయటికి వదలడానికి ఉండే బ్లీడింగ్ నిపుల్‌కి సన్న ట్యూబు తగిలించి పావు తిప్పు వదులు చేశాడు. నాలుగు చుక్కల బ్రేక్ ఆయిల్ మెల్లగా కారింది, చక్రం మాత్రం అలాగే బిగుసుకుని ఉంది.

ఈ చిన్న పరీక్ష విలువ నాకు ఇదివరకు తెలియదు. నిపుల్ వదలగానే ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయిపోయిందనుకోండి, తప్పు క్యాలిపర్‌ది కాదు. లోపల ప్రెషర్ వెనక్కి పోలేక నిలిచిపోయిందన్నమాట. చాలాసార్లు అది క్యాలిపర్‌కి వచ్చే రబ్బరు హోస్ వల్ల అవుతుంది. పాతబడిన హోస్ బయటికి బాగానే కనిపిస్తుంది కానీ లోపల పొర ఉబ్బి దారి మూసేస్తుంది. కాలి బలానికి ఆయిల్ లోపలికి వెళ్తుంది, తిరిగి రావడానికి అంత బలంగా తోసేది ఏమీ ఉండదు, అక్కడే ఆగిపోతుంది. అలాంటి బండికి ఎన్ని కొత్త క్యాలిపర్లు వేసినా నెల తిరక్కుండా మళ్లీ అదే పట్టేయడం. నిపుల్ వదిలాక కూడా చక్రం బిగుసుకునే ఉంటే అప్పుడు క్యాలిపర్‌ని అనుమానించాలి, అప్పుడు కూడా ప్యాడ్‌ని తోసే పిస్టనా, క్యాలిపర్ జారే గైడ్ పిన్నులా అన్నది తేలాలి. ఈ మూడిట్లో ఏది అన్నది తేలకుండా షాపుకి వెళ్లి క్యాలిపర్ కొనడమంటే డబ్బు నేలపాలే.

మా బండిలో విప్పి చూస్తే పై పిన్ను బాగానే జారుతోంది, కింది పిన్ను గ్రీజు ఎండిపోయి గట్టిగా ఉంది. స్కార్పియో ముందు క్యాలిపర్‌కి పక్కపక్కనే రెండు పిస్టన్లుంటాయి, రెండూ లోపలి వైపునే. అవి లోపలి ప్యాడ్‌ని తోస్తే, ఆ తోపుకి క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని డిస్క్ మీదకి లాక్కొస్తుంది. కాబట్టి పిన్నులు పట్టేస్తే లోపలి ప్యాడ్ ఎక్కువ అరుగుతుంది, బయటిది కొత్తగా ఉంటుంది. ప్యాడ్ ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా అరిగితే ఒక పిన్నో, రెండిట్లో ఒక పిస్టనో కదలడం లేదని అర్థం. మావి నెల కిందట వేసిన ప్యాడ్లు. లోపలిది అప్పుడే ఏటవాలుగా అరిగిపోయి, నల్లగా కాలి, చేత్తో రుద్దితే పొడి రాలుతోంది.

పిస్టన్లు బయటికి తీయడానికి ఆయన కదిలే పిస్టన్‌కి క్లాంపు బిగించి, మధ్యలో చెక్కముక్క పెట్టి, కుర్రాడితో పెడల్ మెల్లగా తొక్కించాడు. గాలి కొట్టి కూడా తీస్తారు కానీ అలా తీసేటప్పుడు వేళ్లు మధ్యలో ఉంటే నుజ్జయిపోతాయని కుర్రాడిని దూరంగా నిలబెట్టాడు. పట్టేసిన పిస్టన్ కిర్రుమంటూ వచ్చింది. దాన్ని పెట్రోలు కాకుండా బ్రేక్ క్లీనర్‌తో తుడిచి నా చేతిలో పెట్టి, "గోరెట్టి సూడు" అన్నాడు.

పిస్టన్ అంటే అడుగు మూసి ఉన్న స్టీలు గ్లాసు లాంటిది, పైన క్రోమ్ పూత. లోపల ఆయిల్‌లో మునిగి ఉండే సగం అద్దంలా మెరుస్తోంది. బయటి అంచుకి దగ్గర, ఒక వేలు వెడల్పున చుట్టూ పట్టీలాగా క్రోమ్ లేచిపోయి, దాని కింద గోధుమ రంగు తుప్పు, ఆవగింజంత గుంటలు. గోరు అడ్డంగా గీస్తే ప్రతి గుంట దగ్గరా ఆగుతోంది. మెరిసే సగం మీద గీస్తే జారిపోతోంది. ఆ తేడా ఒకసారి వేలికి తెలిశాక ఇంకెవరి సలహా అక్కర్లేదు.

ఎందుకు అక్కడే తుప్పు పట్టింది అంటే, పిస్టన్ చుట్టూ మట్టి పడకుండా ముడతల రబ్బరు బూట్ ఉంటుంది. అది ఎప్పుడో చిరిగింది. పాత ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ బయటికి జరుగుతూ వచ్చింది, బయటికి వచ్చిన ఆ భాగానికి చెరువు గట్టు బురదా ఉప్పు నీళ్లూ తగులుతూ వచ్చాయి. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ని వెనక్కి నెడితేనే పడతాయి. నెల కిందట ప్యాడ్లు మార్చిన చోట బూట్ చూడకుండా, పిస్టన్ తుడవకుండా, స్క్రూడ్రైవర్ పెట్టి బలంగా లోపలికి నెట్టేశారు. తుప్పు పట్టిన పట్టీ మొత్తం సీల్ లోపలికి దూరిపోయింది. ఆ సీల్ చూడ్డానికి మామూలు రబ్బరు రింగే కానీ అది గుండ్రటి తీగలా ఉండదు, కోస్తే నాలుగు పలకలుగా ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు కొద్దిగా మెలితిరుగుతుంది, కాలు తీయగానే తన ఆకారానికి తాను వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. డిస్క్ బ్రేకులో పిస్టన్‌ని వెనక్కి తెచ్చే స్ప్రింగు వేరే ఏదీ లేదు, ఆ రబ్బరే. గుంటలు పడ్డ ఇనుము మీద ఆ రబ్బరు జారలేదు, పిస్టన్ వెనక్కి రాదు, ప్యాడ్ డిస్క్‌ని రాసుకుంటూనే ఉంటుంది. భీమవరం నుంచి విశాఖ దాకా హైవే మీద అది బయటపడలేదు, మైలేజీ కొంచెం తగ్గిందంతే. ఘాట్ దిగేటప్పుడు ఆ వేడి అంతా ఆయిల్‌కి ఎక్కింది, ఆయిల్ మరిగి బుడగలు పుట్టాయి, అందుకే పెడల్ మెత్తబడింది.

ఇక ఏం వేయించాలి అన్న ప్రశ్న. అందరూ మొదట చెప్పేది "కిట్ వేసేయండి" అని. కిట్ అంటే సీళ్లు, బూట్లు, కొన్నిట్లో పిన్నుల రబ్బర్లు. వందల్లో అయిపోతుంది, కొత్త క్యాలిపర్ అయితే వేలల్లో. కిట్ చెడ్డదేమీ కాదు, పిస్టన్ నున్నగా ఉండి రబ్బరు మాత్రమే పాడైతే కిట్ వేయడమే సరైన పని. కానీ గోరు ఆగే పిస్టన్‌కి కొత్త సీల్ వేస్తే ఆ సీల్ నాలుగు నెలల్లో చిరుగుతుంది, ఆయిల్ లీకవుతుంది, లేదా మళ్లీ పట్టేస్తుంది. ఎమరీ పేపర్‌తో రుద్ది వేస్తామని కొందరు అంటారు. ఒప్పుకోకండి. రుద్దితే మిగిలిన క్రోమ్ కూడా పోతుంది, పది రోజుల్లో కొత్త తుప్పు. కొత్త పిస్టన్ విడిగా దొరికితే కిట్‌తో పాటు వేయొచ్చు, అప్పుడు కూడా ఇంకొకటి చూడాలి. సీల్ కూర్చునే గాడి ఉంటుంది కదా, క్యాలిపర్ బాడీలో. దాని అడుగున తుప్పు పేరుకుంటే సీల్ లోపలికి ఉబికి పిస్టన్‌ని నొక్కేస్తుంది. పైకి అంతా కొత్తగా ఉంటుంది, పిస్టన్ మాత్రం టైట్‌గా ఉంటుంది. మా దాంట్లో ఆయన సూది లాంటి పనిముట్టుతో గాడిలో గీకితే పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. అక్కడితో కిట్ మాట వదిలేశాం.

సెకండ్ హ్యాండ్ గురించి ఒక్క మాట. యాక్సిడెంట్ బళ్ల నుంచి తీసిన క్యాలిపర్లు ఆటోనగర్లో దొరుకుతాయి, చవగ్గా వస్తాయి. డోరు, బంపరు, లైటు అయితే నేనూ తీసుకుంటాను. క్యాలిపర్ మాత్రం ఆ బండి ఎన్నాళ్లు షెడ్డులో వానకి తడిసిందో, ఆయిల్ ఎన్నేళ్లు మార్చలేదో చూసి చెప్పేవాళ్లు ఉండరు. తెచ్చాక విప్పి పిస్టన్లు చూసి కిట్ వేసుకోగలిగితే సరే, తెచ్చింది తెచ్చినట్టు బిగించడం మాత్రం వద్దు.

కొత్తదే వేయిద్దామని స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లి "స్కార్పియో ముందు క్యాలిపర్" అంటే కుర్రాడు లోపలికి వెళ్లి ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేశాడు. స్కార్పియో అనే పేరుతో 2002 నుంచి బళ్లు వస్తున్నాయి. మధ్యలో ఎన్ని మార్పులు, 2022లో స్కార్పియో-ఎన్ వచ్చాక పాతది క్లాసిక్ అయింది, ఎన్‌కి వెనక కూడా డిస్కులే, మాలాంటి వాటికి వెనక డ్రమ్ములు. పేరు చెప్పి బ్రేకు సామాను కొనకూడదు. ఆర్‌సీ మీద ఉండే 17 అక్షరాల చాసిస్ నంబర్ చెప్పి, దాని ప్రకారం పార్ట్ నంబర్ తీయించాలి. పాత క్యాలిపర్ వెంట తీసుకెళ్లాలి, దాని బాడీ మీద పోతలోనే వచ్చిన నంబర్ ఉంటుంది, వైర్ బ్రష్‌తో రుద్దితే కనిపిస్తుంది. నేను రెండూ పట్టుకెళ్లాను. డబ్బాలోది బోల్టు రంధ్రాలన్నీ సరిపోతున్నాయి, ప్యాడ్లు కూడా పడతాయి, కానీ పెద్దాయన ఇచ్చిన వెర్నియర్‌తో కొలిస్తే పిస్టన్ వ్యాసం వేరు.

"మూడు మిల్లీమీటర్లే కదా సార్, పడుతుంది" అన్నాడు షాపతను. పడుతుంది నిజమే. కానీ లెక్క చూడండి. పట్టు వచ్చేది వ్యాసాన్ని బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి. 45 మి.మీ. పిస్టన్ బదులు 48 మి.మీ. ఉన్నది వేస్తే వైశాల్యం దాదాపు 14 శాతం పెరుగుతుంది. ఒక వైపు అది, ఒక వైపు ఇది ఉంటే గట్టిగా తొక్కినప్పుడు బండి పెద్ద పిస్టన్ వైపుకి లాగుతుంది, వాన పడుతున్న రోడ్డు మీద ఆ లాగుడు చాలు. రెండు వైపులా పెద్దవే వేసినా ఆ చోటు నింపడానికి పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ అంత ఎక్కువ ఆయిల్ పంపాలి, పెడల్ లోతుకి దిగుతుంది, ముందు వెనక బ్రేకుల పొత్తు మారిపోతుంది. బండి తయారుచేసినవాళ్లు ఇచ్చిన కొలత ఎంతో అంతే వేయాలి, ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

డూప్లికేట్ సంగతి కూడా చెప్పాలి. బండి కంపెనీలు చాలావరకు క్యాలిపర్లు సొంతంగా పోత పోయవు, బ్రేకులు చేసే కంపెనీల దగ్గర తీసుకుంటాయి. చెన్నైలో 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా లాంటివి ఆ పనే చేస్తాయి. కాబట్టి బండి కంపెనీ డబ్బాలోదే కొనాలని రూలు లేదు, పేరున్న బ్రేక్ తయారీదారు సొంత డబ్బాలో అదే పార్ట్ నంబర్‌కి ఇచ్చేది కూడా ధైర్యంగా వేసుకోవచ్చు. భయపడాల్సింది పేరు లేని డబ్బాకి, లేదా పెద్ద పేరుని అచ్చు తప్పులతో వేసిన డబ్బాకి. నేను చూసేవి ఇవి: డబ్బా మీద ఎమ్మార్పీ, తయారీ నెల, పార్ట్ నంబర్ ఉండాలి, అదే నంబర్ బిల్లు మీద రాయమంటే షాపువాళ్లు వెనకాడకూడదు. బిల్లు లేకుండా అయితే సగం ధరకిస్తామంటే ఆ షాపు మెట్లు దిగిపోవడమే. తర్వాత క్యాలిపర్‌ని చేతిలోకి తీసుకుని బూట్ అంచు గాడిలో చుట్టూ సరిగ్గా కూర్చుందా, పిన్నులు చేత్తో నొక్కితే మెత్తగా జారుతున్నాయా, హోస్ బోల్టు పట్టే చోట మొహం నున్నగా ఉందా చూస్తాను. అక్కడ గరుకుగా ఉంటే రాగి వాషర్ ఎంత బిగించినా ఆయిల్ చెమరుస్తుంది.

మాలాంటి ఉప్పు ఊళ్లవాళ్లకి ఇంకొకటి. పచ్చి పోత ఇనుము మీద నూనె రాసి పంపినవి వస్తాయి, జింక్ పూతతో లేత పసుపుగానో వెండి రంగులోనో ఉండేవీ వస్తాయి. అదే నంబర్‌లో పూత ఉన్నది దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. పిస్టన్ల విషయానికొస్తే క్రోమ్ వేసిన స్టీలు కాకుండా కొన్ని బళ్లకి ఫినాలిక్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటివి వస్తాయి. వాటికి తుప్పు పట్టదు, ఆయిల్‌కి వేడి కూడా తక్కువ ఎక్కుతుంది, కానీ పాతబడితే అంచులు చిట్లుతాయి, స్క్రూడ్రైవర్‌తో నెట్టేవాళ్ల చేతిలో అసలు బతకవు. మన బండికి ఏ రకం వచ్చిందో అదే వేయాలి.

ఒకటే మార్చాలా రెండూ మార్చాలా? ప్యాడ్లైతే రెండు చక్రాలకీ కలిపే మార్చాలి, అందులో చర్చ లేదు. క్యాలిపర్ ఒకటే మార్చి రెండోది బాగుంటే వదిలేయొచ్చని చెప్పే మంచి మెకానిక్కులున్నారు, ఊళ్లో తిరిగే బండికి అది తప్పు కాదు. మాది మాత్రం రెండు చక్రాలూ అదే బురదలో తిరిగాయి. కుడి వైపుది విప్పి చూస్తే బూట్ ఇంకా చిరగలేదు కానీ పిస్టన్ అంచున చుక్కలు మొదలయ్యాయి. ఇంకో వానాకాలం ఆగదని రెండూ మార్పించాను. బ్రాకెట్లు, పిన్నులు కలిపి వచ్చే సెట్టు తీసుకున్నాను, ఎందుకంటే మా కింది పిన్ను పట్టిన రంధ్రం లోపల కూడా గుంటలు పడ్డాయి. రెండు ముందు హోస్‌లు, నాలుగు కొత్త రాగి వాషర్లు, ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్. డిస్క్ ప్లేట్ అంచు మీద కనీస మందం ఎంతో పోతలోనే రాసి ఉంటుంది, కొలిస్తే ఎడమది ఆ మందానికి చేరువలో ఉంది, పైగా వేడికి నీలం రంగు తిరిగింది, కాబట్టి డిస్కులు కూడా మార్చాల్సి వచ్చింది. ఖర్చు అనుకున్నదానికి రెండింతలైంది. బాధ వేయలేదు, ఆ మలుపు దగ్గర పెడల్ దిగిన తీరు ఇంకా కాలికి గుర్తుంది.

బిగించేటప్పుడు జరిగిన సంగతి ఒకటి రాయాలి, ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్లకి పనికొస్తుంది. పెద్దాయన భోజనానికి వెళ్తే కుర్రాడు రెండు క్యాలిపర్లూ బిగించేసి బ్లీడింగ్ మొదలుపెట్టాడు. ఒకరు తొక్కడం, ఒకరు నిపుల్ వదలడం, గాలి తీయడం. అరలీటరు ఆయిల్ పోయింది, పెడల్ స్పాంజిలాగానే ఉంది. మూడోసారి చేసినా అంతే. పెద్దాయన వచ్చి బండి ముందు వంగి రెండు చక్రాలూ ఒక్క చూపు చూసి, "ఒరే గుంటడా, నిపులు కిందకెట్టి గాలి తీస్తే ఎలా వస్తదిరా" అన్నాడు. కుర్రాడు ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించాడు. బోల్టులు చక్కగా పట్టేశాయి, ప్యాడ్లు పట్టేశాయి, నిపుల్ మాత్రం పైన ఉండాల్సింది అడుగుకి వచ్చింది. గాలి ఎప్పుడూ పైకి చేరుతుంది, కింద నిపుల్ నుంచి ఎంత తీసినా ఆయిలే వస్తుంది కానీ పైన చిక్కిన బుడగ రాదు. విప్పి మార్చాక పది నిమిషాల్లో పెడల్ రాయిలా నిలబడింది. క్యాలిపర్ బిగించాక నిపుల్ ఆకాశం వైపు చూస్తోందా లేదా అన్నది ఎవరైనా చూడొచ్చు, మెకానిక్ కానక్కర్లేదు.

విప్పిన క్యాలిపర్‌ని హోస్‌కి వేలాడదీయకుండా తీగతో కట్టాలి. ఆయిల్ డబ్బా ఖాళీ అవకుండా పోస్తూ ఉండాలి, ఏబీఎస్, అంటే గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ అవకుండా చూసేది, ఉన్న బండిలో దాని యూనిట్‌లోకి గాలి వెళ్తే కంప్యూటర్ పెట్టి తీయాల్సి రావచ్చు. పిన్నులకి మామూలు చక్రాల గ్రీజు పూయకూడదు, పెట్రోలియం గ్రీజుకి ఆ రబ్బర్లు ఉబ్బిపోతాయి, బ్రేకులకని ఇచ్చే సిలికాన్ గ్రీజే వాడాలి. బ్రేక్ ఆయిల్ విషయంలో డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే పోయాలి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230. కానీ ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, తేమ పట్టాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. మా బండిలో ఎన్నేళ్ల నుంచి అదే ఆయిల్ ఉందో నేను చెప్పలేను, రంగు కాఫీ డికాషన్‌లా ఉంది. ఇప్పుడు రెండేళ్లకోసారి మార్పించాలని డబ్బా మీదే తేదీ రాసి పెట్టాను.

కొత్త ప్యాడ్లూ డిస్కులూ ఒకదానికొకటి కుదరాలి కాబట్టి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 50 స్పీడు నుంచి 10కి, పూర్తిగా ఆగకుండా, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు తొక్కాను. తర్వాత కాసేపు బ్రేకు వాడకుండా నడిపి ఇంటికి తెచ్చాను.

ఇదంతా ఫోన్లో చెబుతుంటే మిషిగన్‌లో ఉన్న మా పిన్ని కొడుకు, వాడికి టొయోటా టకోమా పికప్ ఉంది, "అన్నయ్యా మాదీ అదే రోగం" అన్నాడు. వాళ్లకి చెరువులు లేవు, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. వాడి బండిది వేరే రకం క్యాలిపర్, రెండు వైపులా పిస్టన్లు ఉండి కదలకుండా బిగించి ఉంటుంది, జారే పిన్నులు ఉండవు. అక్కడ కొత్తదానికంటే రీమాన్యుఫాక్చర్డ్ అని పాత బాడీని బాగుచేసి అమ్మేవి ఎక్కువ, పాతది తిరిగి ఇస్తే కట్టిన డిపాజిట్ వెనక్కి ఇస్తారట. తీసుకోవచ్చా అని అడిగాడు. నేను అన్నది ఒకటే, పిస్టన్లు కొత్తవి వేశారా, పాతవాటికే మెరుగు పెట్టారా అని రాతపూర్వకంగా కనుక్కో, కొత్తవైతే తీసుకో, పెట్టె రాగానే బూట్ అంచు కొంచెం ఎత్తి నువ్వే చూసుకో అని. పాతది గ్యారేజీలో పడేసి మర్చిపోకుండా గడువులోపు పంపేయమని కూడా చెప్పాను.

మా ఊరి కుర్రాళ్లు కొందరు ఎర్ర రంగు పెద్ద క్యాలిపర్లు, ఆరు పిస్టన్లవి వేయిద్దామని అడుగుతున్నారు. మాస్టర్ సిలిండర్, ఏబీఎస్, చక్రం లోపలి ఖాళీ అన్నీ దానికి సరిపోవాలి, ఆ లెక్కలు చేసి ఇచ్చేవాళ్లు ఉంటే తప్ప చెరువు గట్టు బండికి అది అనవసరం. ఉన్న క్యాలిపర్ మీద ఎర్ర ప్లాస్టిక్ తొడుగులు అంటించడం ఇంకా అన్యాయం, వేడి బయటికి పోవాల్సిన చోట దుప్పటి కప్పినట్టు. ఆ డబ్బుతో రెండు హోస్‌లు వస్తాయి.

ఇప్పుడు గట్టు నుంచి వచ్చిన ప్రతిసారీ పంపు నీళ్లతో చక్రాల లోపలికి కొడుతున్నాను, బ్రేకులు చల్లారాకే. ఆరు నెలలకి మొన్న చక్రాలు విప్పించి చూశాం. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ రెండూ సమంగా అరిగాయి, పిన్నులు వేలితో తోస్తే కదులుతున్నాయి, పిస్టన్ బూట్లు మెత్తగా ఉన్నాయి. ఎడమ కింది పిన్ను రబ్బరు మడతలో మాత్రం వెంట్రుకంత పగులు కనిపించింది, దాని కోసం రబ్బరు ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుందట.